సముద్రం ఉన్న వైపే తూర్పు

సింహాచలం అప్పన్న మీద ఒట్టు. మా ఊరి పోలమాంబ తల్లి మీద ఒట్టు. మెట్లు దిగేటప్పుడు టకటకమనే నా రెండు మోకాళ్ళ మీద ఒట్టు. ఇక్కడ నేను రాసేదాంట్లో ప్రతి అక్షరం నిజం.

ఇంత గట్టిగా ఒట్టు పెట్టడానికి కారణం ఉంది. సీతమ్మధారలో నేను టీ తాగే బడ్డీ దగ్గర నా మాటకు విలువ తక్కువ. ఎర్రసముద్రం ఎండకు ఎగిరే చేపలు గాల్లోనే వేగిపోయి నా పళ్ళెంలో పడ్డాయనీ, ఉప్పు మాత్రం నేనే చల్లుకోవాల్సి వచ్చిందనీ ఒకసారి చెప్పాను. అప్పట్నుంచి నేను నోరు తెరిస్తే చాలు, "ఉప్పు సల్లినావేటి బావా?" అని అడుగుతారు. అందుకే ముందే చెబుతున్నాను. ఇందులో ఉప్పు లేదు. కాబట్టి తినడానికి అంత రుచిగానూ ఉండదు.

ఇప్పుడు ఉక్కునగరంలో ఒక క్యాంటీన్లో షిఫ్టులవాళ్ళకు వండిపెడుతున్నాను గాని, అంతకుముందు చాలా ఏళ్ళు సరుకు ఓడల్లో భండారీని. భండారీ అంటే ఓడలో పనివాళ్ళకు వంట చేసేవాడు. దానికీ ముందు, నా మోకాళ్ళు ఇంకా నా మాట వినే రోజుల్లో, పరుగు పందాలకు పోయేవాణ్ణి. భీమునిపట్నం అవతల మా పల్లె నుంచి పట్నానికి వచ్చి, రేవులో పనిచేసేవాళ్ళు ఏటా పెట్టుకునే దూరపు పరుగులో దిగాను. ఆ రోజు నాకన్నా ముందున్నవాడు ఒక్కడే. వాడు వెనక్కి తిరిగి, "రా బావా, బస్సు తప్పిపోనోడిలాగ అలా సూత్తన్నావేటి?" అన్నాడు. వాడే జలీల్.

జలీల్‌ది విశాఖలోనే పాతపట్నం. ఇంట్లో లారీలకు, పడవలకు టార్పాలిన్లు కుడతారు. వాడు ఖలాసీగా ఓడెక్కాడు, వాణ్ణి చూసి నేనూ ఎక్కాను. ఓడలు వేరు. సెలవులు కలిసినప్పుడు తెల్లారగట్ల బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వైపు పరుగెత్తేవాళ్ళం. ఓడ మీద కాళ్ళు ముడుచుకుపోతాయని వాడు ఏ రేవులో దిగినా పరుగెత్తేవాడు. అందరూ రేవుల నుంచి వాచీలు, టేపు రికార్డర్లు తెస్తే వాడు దారులు తెచ్చేవాడు. ఎడమకు ఏముంది, కుడికి ఏముంది, ఏ మలుపులో కుక్క వెంటపడింది, అన్నీ పరుగెత్తుతూనే అప్పజెప్పేవాడు.

మా విశాఖలో దిక్కులు ఎవరూ నేర్చుకోరు. సముద్రం ఉన్న వైపు తూర్పు, కొండలున్న వైపు పడమర, అంతే. వాళ్ళింట్లో నమాజుకు కొండల వైపు తిరిగేవారు. మా ఇంట్లో సూర్యుడికి దణ్ణం పెట్టడానికి సముద్రం వైపు తిరిగేవాళ్ళం. మేమిద్దరం మాత్రం భీమిలి వైపు తిరిగేవాళ్ళం.

చివరిసారి వాడు చెప్పిన దారి స్పెయిన్‌ది. ఉత్తరాన అస్తూరియాస్ అనే సీమ, అంతా కొండలు. "రేవు గేటు దాటి ఎడమకి, బొగ్గు కుప్పల పక్కనుంచి ఆపిల్ తోటల్లోకి. రాతి వంతెన. తరవాత గోడ కట్టిన ఊరు. ఆ పైకి ఇంకా ఎల్లనేదు బావా. పైన కొండమీద ఓ నీల్ల తొట్టి ఉన్నాదట. ఆ నీల్లు తాగితే మల్లీ పుట్టినట్టుంటాదట. ఈసారి ఎల్తే తాగొత్తాను."

వెళ్ళాడు. తాగాడు. రాలేదు. గుండె ఆగిపోయిందనీ, ఆ కొండ ఊళ్ళోనే పూడ్చిపెట్టారనీ కొన్ని వారాల తరవాత ఇంటికి కబురొచ్చింది. అది డెబ్బైల చివర.

ఖాలా చేతిలో సూది

ఆరేడేళ్ళకు నాకు అదే రేవుకు పోయే ఓడలో పని దొరికింది. జలీల్ తల్లికి చెప్పి వద్దామని పాతపట్నం వెళ్ళాను. ఆమెను నేను ఖాలా అని పిలుస్తాను, అంటే పిన్ని. ఖాలా గుమ్మంలో కూర్చుని టార్పాలిన్ అంచు కుడుతోంది. కూతురు షమీమ్ లోపల పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది.

"ఈపాలి ఏ దేశం బేటా?"

"జలీల్ ఎల్లిన రేవుకే ఖాలా."

సూది ఆగింది. తరవాత టార్పాలిన్ పక్కకు నెట్టింది.

"ఆడికి ఎవులైనా ఒంటిమీద నీల్లు పోసినారా నేదా. తెల్లబట్ట సుట్టినారా నేదా. మొకం కిబ్లా వైపున్నాదా నేదా. సూసిరా. పిడికెడు మట్టి తే. ఇంకేటీ ఒద్దు నాకు."

కిబ్లా అంటే మక్కా ఉన్న దిక్కు. వాళ్ళలో చనిపోయినవాణ్ణి కుడివైపుకు ఒత్తిగిల్లబెట్టి, మొహం అటు ఉండేలా పడుకోబెడతారు.

"ఒకేల అటు నేకపోతే?" అన్నాను.

"తిప్పు."

"సమాదిలో మనిసిని నానెలా తిప్పుతాను ఖాలా?"

"ఊరందరికీ అన్ని అబద్దాలు సెప్తావు. ఒక్క నిజం పని సెయ్యలేవేటి?"

లోపల్నుంచి షమీమ్ "అమ్మీ!" అని మందలించింది. ఖాలా నా వైపు చూడకుండా సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నించింది. మూడుసార్లు తప్పింది. దారం నేనెక్కించి ఇచ్చి వచ్చేశాను.

రేవు నుంచి మొదటి కొండ

మేము చేరేసరికి రేవులో ముసురు. ఆ సీమలో ముసురు అంటే వాన కాదు, అక్కడి వాతావరణం. క్రేన్ పాడై సరుకు దింపడం ఆగిపోవడంతో ఓడ కదలదన్నారు. వంట సహాయకుడికి గరిటె అప్పజెప్పి, మూడు రోజుల సెలవు తీసుకుని, కాన్వాసు బూట్లు తొడుక్కుని గేటు దాటి ఎడమకు తిరిగాను.

బస్సులో పోవచ్చు కదా అని బడ్డీ దగ్గర అడిగారు. జలీల్ పరుగెత్తిన దారిని బస్సులో పోతే వాడు నవ్వుతాడు. నేను పరుగెత్తితే ఇంకా ఎక్కువ నవ్వేవాడే అనుకోండి. బొగ్గు కుప్పలు దాటేసరికే ఆయాసం, తోటలు వచ్చేసరికి కుడి మోకాలు, వంతెన దగ్గరికి ఎడమ మోకాలు. ఆ పైన పరుగని నేను అనుకున్నానంతే. నన్ను దాటిపోయిన ముసలావిడ చేతిలో పాలకేను ఉంది.

ఆ ఆపిల్ తోటల గురించి చెప్పాలి. మా పూర్ణా మార్కెట్లో ఆపిల్ పండు జ్వరం వచ్చినవాడికే కొంటారు. పండు చేతిలో ఉంటే ఎవరికి బాగులేదని దారిలో పలకరిస్తారు. అక్కడ చెట్ల కింద రాలి కుళ్ళిపోతుంటే ఆవులు తింటున్నాయి. ఒక ఆవు నా వైపు చూసి సగం కొరికిన పండు వదిలేసింది. నాలో ఏ జబ్బు కనిపించిందో మరి.

ఇళ్ళ పక్కన గాదెలు ఉన్నాయి. మన గాదెల్లాంటివే, కానీ రాతి కాళ్ళ మీద నిలబెట్టినవి. ప్రతి కాలి మీదా ఒక పలకరాయి, ఎలకలు ఎక్కకుండా. బాగుందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే చాలా గాదెల్లో గింజ లేదు. ఇళ్ళలో మనుషులూ లేరు. కప్పులు కూలి, గోడల్లోంచి చెట్లు మొలిచాయి. పిల్లలు గనులకూ పట్నాలకూ పోయారట. మా దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళను లేపారు, వాళ్ళలో కొందరు ఇప్పుడు నా క్యాంటీన్లోనే తింటారు, తింటూ పోయిన చింతచెట్ల గురించి మాట్లాడతారు. అక్కడ ఎవరూ లేపకుండానే ఊళ్ళు లేచిపోయాయి. తలుపులు గొళ్ళెం పెట్టి ఉన్నాయి. ఒక గుమ్మంలో చిన్నపిల్ల చెప్పు ఒకటి వానలో నాని ఉబ్బిపోయి ఉంది.

వాడు ఈ దారిని ఎందుకంత మెచ్చుకున్నాడో నాకు అర్థం కాలేదు. బహుశా వాడు వేగంగా పోయాడు కాబట్టి ఇవి కనపడలేదు. నాకు అన్నీ కనపడ్డాయి.

కాస్త్రియో: గోడ కట్టిన ఊరు

చీకటి పడకముందే గోడ కట్టిన ఊరు చేరాను. పేరు కాస్త్రియో. కోట గోడ, దాని మీద గడ్డి, లోపల రాతి మేడల గుమ్మాల మీద సింహాలు, కత్తులు చెక్కిన గుర్తులు. ఒకప్పుడు దొరలుండేవారట. ఇప్పుడు ఒక మేడలో కోళ్ళున్నాయి, ఇంకోదాంట్లో సారా కొట్టు. ఆ కొట్టు యజమాని పేరు మానోలో.

మానోలో ముప్పై ఏళ్ళు ఓడల్లో బొగ్గు వేసినవాడు. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ ఓడ అడుగునే పుట్టాయి కాబట్టి బాగా కలిసిపోయాయి. ఆ ఇంగ్లీషు ఇక్కడ రాస్తే ఇద్దరికీ పరువు పోతుంది. అందుకని అతని మాటల్ని మా ఊరి తెలుగులోకి దించాను. అతను స్నేహితుడా అన్నచోటల్లా బావా అని రాశాను. అతను విని ఉంటే ఒప్పుకునేవాడే.

అక్కడ ఆపిల్ పళ్ళతో సారా చేస్తారు. పోయడం ఒక విద్య. సీసా తలపైకెత్తి, గ్లాసు మోకాలి దగ్గర పట్టుకుని, గ్లాసు వైపు చూడకుండా ధార వదులుతారు. మన టీ బడ్డీల్లో చెయ్యెత్తి చల్లార్చేవాళ్ళు దీని ముందు పసిపిల్లలు. మానోలో మేడ మీది వసారా నుంచి వీధిలో నిలబడ్డవాడి గ్లాసులోకి పోశాడు. చుక్క కింద పడలేదు. నమ్మకపోతే మీ ఇష్టం, ఒట్టు ముందే పెట్టాను.

తిండికి తెల్ల చిక్కుడుగింజల పులుసు పెట్టాడు. గింజలు నోట్లో కరిగిపోయాయి. ఆ చట్టిలో ఒక నల్ల ముక్క తేలుతోంది. పంది రక్తంతో చేసిన సాసేజట. నేను గింజలు తిని ముక్క పక్కకు పెట్టాను. మానోలో ఆ ముక్కను చూస్తూ నిలబడిపోయాడు.

"నీలాగే ఇంకోడు ముక్క పక్కన పెట్టీవోడు," అన్నాడు. "సారా కూడా ముట్టీవోడు కాదు. పరుగెత్తుకుని వచ్చీవోడు. నల్లగా, సన్నగా."

"జలీల్," అన్నాను.

అతను కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నానే సెప్పినాను బావా, పైన నీల్ల తొట్టుందని. నాను సెప్పకపోతే ఎల్లీవోడు కాదు."

నాకు కూడా జలీల్ ఆ తొట్టి గురించి చెప్పాడు. వెళ్ళకురా అని నేనూ అనలేదు, తాగి రా అన్నాను.

మానోలో మిగతాది చెప్పాడు. ఆ కొండల మీదుగా ఒక పాత యాత్రికుల దారి పోతుంది. సాంతియాగో అనే ఊళ్ళో ఏసు శిష్యుడి సమాధి ఉందట, దానికి కాలినడకన పోతారు. మనవాళ్ళు సింహాచలం కొండ చుట్టూ నడిచినట్టే, కాని నెలల తరబడి. జలీల్ మెడలో తల్లి కట్టిన తావీదు ఉంది, ఖురాన్ మాట రాసిన కాగితాన్ని నల్ల గుడ్డలో కుట్టిన తాయెత్తు. అక్కడి భక్తులూ అచ్చం అలాంటి గుడ్డ సంచినే మెడలో వేసుకుంటారట. కాళ్ళకు బురద, మెడలో సంచి, భుజాన ఏమీ లేకుండా వచ్చి తొట్టి దగ్గర కూలిపోయినవాణ్ణి చూసి ఊరివాళ్ళు సాంతియాగో యాత్రికుడనుకున్నారు. యాత్రికుడు తమ ఊళ్ళో పోతే ఆ ఊరికి పుణ్యం. గంటలు కొట్టి, పాటలు పాడి, తమ శ్మశానంలో పెట్టుకున్నారు.

"నాకు నెల తరవాత తెలిసినాది. రేవులో సెప్పినాను, మీ ఓడోడు ఈడేనని. ఊల్లో మాత్రం సెప్పనేదు. రామోనా ముసల్ది తన ఇంటోల్ల సమాది అరలో ఎట్టుకున్నాది ఆడిని. రోజూ దీపం. నువ్వు కూడా సెప్పకు బావా."

"సెప్పకుండా ఎలగ తిప్పుతాను?"

"ఏటి తిప్పుతావు?"

ఖాలా అడిగింది చెప్పాను. మానోలో చేతిలో గుడ్డతో శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

దారిలో ఎద్దు

మర్నాడు పొద్దున నేను పరుగు, నా వెనక మానోలో సైకిలు. ఎత్తులో అతను దిగి సైకిలు తోసేవాడు, నేను ఆగి మోకాళ్ళు తోసేవాణ్ణి.

మంచు ఎంత చిక్కగా ఉందంటే సైకిల్‌ని దానికి ఆనించి నిలబెట్టవచ్చు. ఒక మలుపులో నా పక్కనే ఇంకో ఆయాసం వినిపించింది. మానోలో అనుకుని, "నెమ్మదిగా రా బావా," అన్నాను. జవాబు లేదు. తిరిగి చూస్తే ఎద్దు. కొమ్ములు నా చెవుల ఎత్తులో ఉన్నాయి. స్పెయిన్ ఎద్దుల గురించి మీరు విన్నదే నేనూ విన్నాను. మోకాళ్ళు అప్పుడు నా మాట వినలేదు, వాటంతట అవే పోయాయి. కొండ శిఖరం దాకా ఇద్దరం భుజం భుజం కలిపి పరుగెత్తాం. చివరికి ఆగిపోయింది అదే. నాలుక బయటపెట్టి రొప్పుతూ నా వైపు ఒక రకంగా చూసింది. విశాఖ రేవు పందెంలో జలీల్ వెనక వచ్చినప్పుడు నేనూ వాడి వైపు అలాగే చూసి ఉంటాను.

వెనక మానోలో మంచులోంచి అరిచాడు: "అది రామోనా ఎద్దు! దారి సూపిత్తన్నాది అంతే!"

నవ్వాను. నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఈ శిఖరమెక్కి జలీల్ కూడా ఇలాగే నవ్వి ఉంటాడు. ఇక్కడి నుంచి దిగుడే. దిగుడులో వాడెప్పుడూ వేగం పెంచేవాడు.

సాంతా ఒలాయ: తొట్టి

ఊరి పేరు సాంతా ఒలాయ. తొట్టి ఊరి మొదట్లోనే ఉంది. పైన పెంకు కప్పు, కింద రాతి పలకలు, ఊరి ఆడవాళ్ళందరూ కలిసి బట్టలుతికే చోటు. గోడలోంచి సన్నటి ధార. దోసిలి పట్టి తాగాను. చల్లగా, కొంచెం ఇనుము రుచితో ఉన్నాయి. మళ్ళీ పుట్టినట్టు ఏమీ లేదు. మామూలు నీళ్ళు.

దాని కోసం వచ్చాడు వాడు.

రామోనా నల్లబట్టల్లో ఉంది. చిన్న మనిషి, పెద్ద చేతులు. మానోలో నన్ను చూపించి ఏదో చెప్పగానే ఆమె నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. గోడ మీద మేరీమాత బొమ్మ, ముందు దీపం, దీపం పక్కన మేకుకు జలీల్ తావీదు వేలాడుతోంది. ఖాలా కుట్టును నేను గుర్తుపట్టాను. టార్పాలిన్ అంచుకు వేసే కుట్టే, చిన్నది చేసి వేసింది.

రామోనా మాటలు మానోలో చెప్పాడు. నాకు మాత్రం భీమిలి రేవులో చేపలమ్మే ముసలమ్మ గొంతే వినిపించింది, అలాగే రాస్తాను.

"నీల్లు తాగినాడు. నా వేపు సూసి నవ్వినాడు. గట్టు మీద కూకున్నాడు. నాను దుప్పటి పిండి సూసేసరికి అయిపోనాది. పూజారి వచ్చీదాకా ఆగనేదు నాను. ఆ తొట్టి నీల్లతోనే ఒల్లంతా కడిగినాను. నా పెల్లి దుప్పటి, తెల్లది, అదే సుట్టినాను."

ఖాలా అడిగిన రెండింటికి జవాబు దొరికింది. నా కళ్ళు తుడుచుకునేలోపు మానోలో నెమ్మదిగా, "ఇక్కడితో ఆపీ బావా," అన్నాడు.

ఆపలేదు. తావీదు చేత్తో పట్టుకుని, లోపల ఉన్నది ఏసు మాట కాదనీ, వాడు సాంతియాగోకు పోవడంలేదనీ, ఎక్కడికీ పోవడంలేదనీ, ఊరికే పరుగెత్తుతున్నాడనీ చెప్పాను. మానోలో నేలవైపు చూస్తూ ఒక్కొక్క ముక్కే అందించాడు.

రామోనా దీపం వైపు చూసింది. ఆమె మొహంలో ఏదో కూలింది. అది నా కళ్ళ ముందే జరిగింది. ఆరేడేళ్ళుగా ఆ ముసలామెకున్న పుణ్యం నేను ఒక్క వాక్యంతో పట్టుకుపోయాను.

కాసేపటికి దీపంలో నూనె పోసింది.

"నడిసొచ్చినాడు కదా," అంది. "అలిసిపోయొచ్చినాడు కదా. నా ముందు నీల్లు తాగినాడు కదా. ఇంకేటి కావాల?"

గోడ

వాళ్ళ శ్మశానంలో మట్టి లేదు. రాతి గోడ, అందులో వరసలు వరసలుగా అరలు, పోస్టాఫీసులో ఉత్తరాలు వేసే అరల్లా. శవపేటికను అందులోకి తోసి పలకతో మూసి సిమెంటు పెడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో అర. ఇంట్లో ఇంకొకరు పోతే తెరిచి, లోపల ఉన్న ఎముకల్ని గుడ్డలో మూటగట్టి ఒక మూలకు జరిపి, కొత్త పెట్టెను లోపలికి తోస్తారు. రామోనా మొగుడు కిందటి చలికాలం పోయాడు. జలీల్ ఇప్పుడు ఆ పెట్టె కాళ్ళ దగ్గర ఒక మూట.

మూటకు మొహం ఏ వైపు ఉంటుంది? ఖాలాకు ఈ ప్రశ్న ఎలా తీసుకెళ్ళను? ఆ పలక మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. రాయి చెమ్మగా ఉంది. దాని మీద వాడి పేరు లేదు, 'యాత్రికుడు' అని ఉందట. సముద్రాలన్నీ దాటొచ్చినా, వాడికీ నాకూ మధ్య మిగిలింది ఆ నాలుగంగుళాల రాయి, అది దాటడానికి నాకు చాతకాలేదు.

అప్పుడు రామోనా తాపీవాణ్ణి పిలిపించింది. అతను ఉలితో సిమెంటు కొట్టి పలక జరిపాడు. లోపల తెల్ల దుప్పటి మూట. అప్పటిదాకా ఉన్న మంచు విడిపోయి ఎండ వచ్చింది. నేను ఓడ నుంచి తెచ్చుకున్న చిన్న కంపాసు జేబులోంచి తీశాను. మనకు మక్కా పడమరైనా, స్పెయిన్ నుంచి చూస్తే తూర్పు. ముల్లు నిలిచేదాకా ఆగాను. మూట ముడి విప్పి, వాడి తల రెండు చేతులా పట్టుకుని తూర్పుకు తిప్పాను. వాడు నేర్పిన సలాం మాట చెప్పాను. రామోనా తన పద్ధతిలో శిలువ గుర్తు వేసుకుంది. పలక మళ్ళీ మూశారు. గోడ అడుగున రాళ్ళ సందులోంచి పిడికెడు మట్టి గోకి రుమాల్లో కట్టుకున్నాను.

ఖాలా, నీ కొడుకు మొహం కిబ్లా వైపే ఉంది.

షమీమ్, ఇక్కడ పుస్తకం మూసెయ్

ఖాలాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఈ పత్రిక వాళ్ళింటికి పోతుందనీ, షమీమ్ పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపిస్తుందనీ నాకు తెలుసు. షమీమ్, పై మాటతో అయిపోయిందని అమ్మకు చెప్పి, లేచి టీ పెట్టు. మిగిలింది నువ్వు ఒక్కదానివే చదువుకో.

ఎద్దు నిజం. మేడ మీంచి పోసిన సారా నిజం. నీళ్ళు పోయడం, దుప్పటి, తావీదు నిజం. మట్టి నిజం. ఉప్పు చల్లింది ఒక్కచోటే. తాపీవాడు రాలేదు. నా దగ్గర కంపాసు లేదు.

పలక తెరవలేదు. కొత్తగా పెట్టె పెట్టిన అరను ఇంట్లో ఇంకొకరు పోయేదాకా తెరవకూడదట. నేను మానోలోను బతిమాలాను, పూజారిని బతిమాలాను, చివరికి ఆ రాయిని బతిమాలాను. రామోనా నన్ను పక్కకు లాగింది.

"ఇది మల్లీ తెరిసేది నా కోసమే బాబూ. తరవాత నానే కదా. మా అమ్మాయికి ఇప్పుడే సెప్పేత్తాను, నన్నెట్టే ముందు ఆడిని తిప్పమని. అది మర్సిపోతే లోపలికెల్లినాక నానే తిప్పుకుంటాను. ఎటు తిప్పాలో సెప్పు."

ముసురు. సూర్యుడు లేడు. కొండలన్నీ ఒకేలా ఉన్నాయి. తూర్పు అని నాకు తెలుసు, తూర్పు ఎటో తెలియదు. అప్పుడు ఒక పక్కనుంచి ఉప్పు గాలి తగిలింది. సముద్రం అటు. పుట్టినప్పట్నుంచి తెలిసినదాన్ని ఎవరు ఆలోచిస్తారు? చెయ్యెత్తి సముద్రం వైపు చూపించాను.

రామోనా కూడా తన పెద్ద చెయ్యి ఎత్తి అటే చూపించింది. సరేనా అన్నట్టు నా వైపు చూసింది. సరేనన్నాను. గోడ మీద ఆ వైపున బొగ్గుతో ఒక గీత గీసుకుంది.

మూడో రోజు కొండ దిగి ఓడ చేరాను. ఆ మర్నాడు సరుకు దించి, ఆ పై తెల్లారగట్ల బయల్దేరాం. ఓడ ఇంకా రేవు నోట్లో ఉండగానే, టీ గ్లాసులు కడుగుతూ తలెత్తి చూస్తే వారం రోజులకు ముసురు విడిచింది. సూర్యుడు వచ్చాడు. ఓడ ముందున్న సముద్రంలోంచి కాదు, కుడిచేతి వైపు కొండల మీంచి. ఆ దేశంలో సముద్రం ఉత్తరాన ఉంది. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. ఓడ ఆపమని అరిచాను. భండారీ అరిస్తే ఓడలు ఆగవు.

మానోలోకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఖాలాకు మట్టి ఇచ్చినప్పుడు ఆమె అడిగింది, తిప్పినావా అని. ఆ కంపాసు అక్కడే, ఆ గుమ్మంలోనే పుట్టింది.

ఇప్పుడు నాకున్నది ఒక్కటే కోరిక, రామోనా మరిచిపోవాలని. ఆమె కూతురు కూడా మరిచిపోవాలని, వానకు ఆ బొగ్గు గీత చెరిగిపోవాలని అప్పన్నకు మొక్కుకున్నాను. కాని ఆ ముసలామె చేతులు నేను చూశాను, షమీమ్. మరిచిపోయే మనిషి కాదు.